పాత సోలార్ ప్యానెళ్లున్న ఇల్లు కొన్నారు కదా, ఆ డబ్బు ఎవరికి రావాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. ఇంగ్లండ్‌లో రెడింగ్ అనే ఊళ్లో ఇల్లు కొన్నారు, పైకప్పు మీద 16 సోలార్ ప్యానెళ్లు ఉన్నాయి, 2011 చివర్లో పెట్టించామని పాత ఓనర్ చెప్పారు. గుంటూరులో మీ నాన్నగారింటికి నెట్ మీటర్ ఉంది, మిగిలిన యూనిట్లు అక్కడ బిల్లులోంచి తీసేస్తారు, ఇక్కడా అంతే అనుకున్నారు. ఇల్లు చేతికొచ్చి రెండు నెలలైంది, రెండు బిల్లులు వచ్చాయి, వాటిలో సోలార్ ఊసే లేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే మా దగ్గర మీ పేరు మీద సోలార్ ఏమీ లేదన్నారు.

ముందు లేచి వెళ్లి ఒక పని చేసి రండి, మిగతాది తర్వాత చదవచ్చు. ఇంట్లో ఫ్యూజ్ బోర్డు దగ్గరో, లాఫ్ట్‌లో (పైకప్పు కింది అటకలో) ఇన్వర్టర్, అంటే ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడుకునేలా మార్చే పెట్టె పక్కనో ఒక చిన్న మీటరు ఉంటుంది, ఎండ ఉన్నప్పుడు దాని మీద ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటుంది. అది మీ బిల్లు వేసే మీటర్ కాదు, ప్యానెళ్లు ఎంత తయారుచేశాయో లెక్కపెట్టే జనరేషన్ మీటర్. దాని రీడింగు, సీరియల్ నంబరు రెండూ కనిపించేలా ఫోటో తీసుకోండి. 2011 నుంచి సరిగ్గా పనిచేస్తూ ఉంటే అంకె 45, 50 వేల దగ్గర ఉండాలి. మీ డబ్బంతా ఆ అంకె మీదే ఆధారపడి ఉంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు అసలు విషయం. మీ నాన్నగారిది నెట్ మీటరింగ్. అక్కడ బయటికి పంపిన ఒక యూనిట్, లోపలికి తీసుకున్న ఒక యూనిట్‌ను కొట్టేస్తుంది. పగలు ఇచ్చి రాత్రి తీసుకుంటే లెక్క దాదాపు సమానమైపోతుంది, అంటే మీరు అమ్మిన యూనిట్‌కు మీరు కొనే ధరే దొరికినట్టు. బ్రిటన్‌లో ఆ పద్ధతి లేదు. ఇక్కడ కొన్న యూనిట్‌ది ఒక లెక్క, పంపిన యూనిట్‌ది ఇంకో లెక్క, రెండిటికీ ధరలు వేరు, కంపెనీలు కూడా వేరు కావచ్చు. అందుకే మీ బిల్లులో ఎంత వెతికినా అది కనిపించదు. (మీ ఇంట్లో ఇంకా చక్రం తిరిగే పాత మీటరుండి, మధ్యాహ్నం అది వెనక్కి తిరుగుతోందంటే మటుకు కరెంటు కంపెనీకి వెంటనే చెప్పండి. అలా వదిలేయడానికి ఒప్పుకోరు, తర్వాత లెక్కలు సరిచేసేటప్పుడు ఇబ్బంది మీకే.)

మీ ప్యానెళ్లు 2011 నాటివైతే, వాటికి వర్తించేది ఫీడ్-ఇన్ టారిఫ్, ఇక్కడ అందరూ ఫిట్ అంటారు. పేరు చూసి మిగిలిన కరెంటు గ్రిడ్‌లోకి పంపితే ఇచ్చే ధర అనుకుంటాం. జర్మనీలో 1991 చట్టం, ఆ తర్వాత 2000 నాటి చట్టం నిజంగానే అలా మొదలయ్యాయి, గ్రిడ్‌కు ఇచ్చిన ప్రతి యూనిట్‌నూ చట్టం చెప్పిన ధరకు కొని తీరాల్సిందే అని, 2000 చట్టమైతే 20 ఏళ్లపాటు. బ్రిటన్ 2010 ఏప్రిల్ 1న మొదలుపెట్టిన స్కీము మాత్రం వేరే రకం. ఇందులో రెండు చెల్లింపులు ఉంటాయి. మొదటిది జనరేషన్ టారిఫ్, ప్యానెళ్లు తయారుచేసిన ప్రతి యూనిట్‌కూ ఇస్తారు, దాన్ని మీరే వాడేసుకున్నా సరే. రెండోది ఎక్స్‌పోర్ట్ టారిఫ్, బయటికి వెళ్లిన యూనిట్లకు. పెద్ద మొత్తం మొదటిదే. నేను కలిసినవాళ్లలో సగానికి సగం మంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకున్నారు. కరెంటు వాడకుండా దాచి గ్రిడ్‌కు పంపితే డబ్బు ఎక్కువొస్తుందని పగలు వాషింగ్ మెషీన్ కూడా వేయని ఇల్లొకటి నాకు తెలుసు. ఆ పంపిన యూనిట్‌కు వాళ్లకు వచ్చేది అయిదు పెన్స్ (వంద పెన్స్ ఒక పౌండ్), సాయంత్రం అదే యూనిట్ పాతిక పెన్స్ పెట్టి కొనుక్కునేవారు. ఏళ్ల తరబడి.

ఇంకో విచిత్రం ఏమిటంటే, ఇళ్ల మీది చిన్న సిస్టమ్‌లకు బయటికి ఎంత వెళ్లిందో అప్పట్లో మామూలుగా ఎవరూ కొలిచేవారు కాదు. తయారైనదాంట్లో సగం బయటికి వెళ్లిందనుకుని దానికి డబ్బిచ్చేవారు. మీరు మొత్తం వాడేసుకున్నా సగానికి డబ్బొస్తుంది, ఏమీ వాడకపోయినా సగానికే వస్తుంది. దీన్ని డీమ్డ్ ఎక్స్‌పోర్ట్ అంటారు, ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తుంది.

2011 చివర అన్నారు కాబట్టి తేదీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సరిగ్గా ఆ కొన్ని వారాల్లోనే రేటును సగానికి తగ్గించబోయారు. స్కీము మొదలైనప్పుడు పాత ఇళ్ల మీద 4 కిలోవాట్ల లోపు సిస్టమ్‌కు యూనిట్‌కు 41.3 పెన్స్, 2011 ఏప్రిల్ నుంచి 43.3. అప్పట్లో ప్యానెళ్లు ఖరీదు, ఒక ఇంటికి 12 వేల పౌండ్లు దాటిన బిల్లులు నేనే చేత్తో పట్టుకుని చూశాను, ఆ రేటు లేకపోతే ఎవరూ పెట్టించేవారు కాదు. ప్యానెళ్ల ధర వేగంగా పడిపోయింది, జనం ఎగబడ్డారు. 2011 అక్టోబర్ 31న ప్రభుత్వం, డిసెంబర్ 12 తర్వాత పెట్టినవాటికి 21 పెన్సే అని ప్రకటించింది. ఆరు వారాల గడువు. నేను అప్పుడు ఒక చిన్న ఇన్‌స్టాలేషన్ కంపెనీలో ఎలక్ట్రీషియన్‌ని, ఆ ఆరు వారాలూ తెల్లవారకముందే బయల్దేరి, హెడ్ టార్చ్ పెట్టుకుని స్కాఫోల్డింగ్ ఎక్కి పనిచేశాం. వాన, గాలి, కింద ఓనరు టెన్షన్‌తో నిలబడి ఈ రోజు అయిపోతుందా అని అడుగుతుండేవారు, మనసుకు కష్టంగా ఉండేది. తర్వాత ఫ్రెండ్స్ ఆఫ్ ది ఎర్త్ అనే పర్యావరణ సంస్థ, రెండు సోలార్ కంపెనీలు కోర్టుకెళ్లాయి. ప్రజల అభిప్రాయం చెప్పే గడువు కూడా ముగియకముందే కోత అమలు చేయడం చట్టవిరుద్ధమని హైకోర్టు ఆ డిసెంబర్‌లోనే తీర్పిచ్చింది, జనవరిలో అప్పీల్ కోర్టూ అదే చెప్పింది. చివరికి కోత 2012 మార్చి 3 నుంచి పెట్టినవాటికే వర్తించింది. కాబట్టి మీ ఇంటివి 2011లో ఏ నెలలో పెట్టినా సరే, పాత పెద్ద రేటే ఉండాలి. డిసెంబర్ 20న పెట్టారని కాగితంలో కనిపించినా కంగారుపడకండి.

ఆ రేటు అక్కడే ఆగిపోలేదు. ద్రవ్యోల్బణాన్ని బట్టి ఏటా ఏప్రిల్‌లో పెంచుతూ వచ్చారు, అప్పటి 43.3 పెన్స్ 2024 నాటికే 70 దాటింది. 2012 ఆగస్టుకు ముందు పెట్టిన సోలార్‌కు కాలం 25 ఏళ్లు, అంటే మీకు 2036 చివరివరకు వస్తుంది. ఆ తర్వాత చేరినవాళ్లకు 20 ఏళ్లే, రేట్లు కూడా మెట్లు దిగినట్టు దిగిపోయాయి, 2016 ఫిబ్రవరిలో 4.39 పెన్స్ దగ్గరికి వచ్చేశాయి. 2019 మార్చి 31తో కొత్తవాళ్లకు తలుపు మూసేశారు. మీకు దొరికినది ఇప్పుడు ఎవరూ కొత్తగా సంపాదించుకోలేనిది, అందుకే ఒక్క కాగితం కూడా పోగొట్టుకోవద్దని బతిమాలుతున్నాను.

మీ ఇంటికి ఉజ్జాయింపు లెక్క వేద్దాం. 16 ప్యానెళ్లంటే ఆ కాలపు సైజుల్లో ఇంచుమించు 4 కిలోవాట్లు. గుంటూరులో ఒక కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి, రెడింగ్‌లో రెండున్నర అనుకోండి. అదీ ఏడాది సగటు. డిసెంబర్‌లో వచ్చేది జూన్‌లో వచ్చేదాంట్లో చిన్న వంతే ఉంటుంది, చలికాలం రీడింగు చూసి పాడైపోయిందనుకోకండి. దక్షిణం వైపు పైకప్పు, చెట్ల నీడ లేకపోతే ఏడాదికి 3,600 యూనిట్లు. 70 పెన్స్ చొప్పున 2,520 పౌండ్లు. డీమ్డ్ ఎక్స్‌పోర్ట్ 1,800 యూనిట్లు, అయిదు పెన్స్ లెక్కన 90 పౌండ్లు. ఇవి కాక పగలు మీరు నేరుగా వాడుకున్న యూనిట్లు, 1,300 అనుకుంటే, పాతిక పెన్స్ చొప్పున 325 పౌండ్ల కరెంటు కొనకుండా మిగిలింది. ఇంటి అవసరానికి పెట్టుకున్న ప్యానెళ్లైతే ఈ ఫిట్ డబ్బుకు ఇన్‌కమ్ ట్యాక్స్ కూడా లేదు. ఏడాదికి దాదాపు మూడు వేల పౌండ్లు, 2036 చివరివరకు.

సంతోషపడే ముందు ఒక్కటి చూసుకోవాలి, నాకు మీ విషయంలో భయంగా ఉన్నది ఇదొక్కటే. 2010 నుంచి 2012 దాకా ఇక్కడ ఫ్రీ సోలార్ అని ఒక వ్యాపారం జోరుగా నడిచింది. కంపెనీ తన ఖర్చుతో ప్యానెళ్లు పెడుతుంది, మీ పైకప్పును 25 ఏళ్లు లీజుకు తీసుకుంటుంది, ఫిట్ డబ్బు మొత్తం కంపెనీది, ఇంటివాళ్లకు పగటి కరెంటు మాత్రం ఉచితం. అలాంటి ఇల్లైతే మీకు జనరేషన్ డబ్బు ఒక్క పెన్నీ రాదు, ప్యానెళ్లు కూడా మీవి కావు, పైకప్పు రిపేరు చేయించాలన్నా వాళ్లను అడగాలి. ఏడేళ్లకు మించిన లీజులు రిజిస్టర్ చేయాలి కాబట్టి ఇది ల్యాండ్ రిజిస్ట్రీ టైటిల్‌లో, అంటే ఇల్లు ఎవరిదో చూపే ప్రభుత్వ రికార్డులో కనిపిస్తుంది. మీ సొలిసిటర్‌కు (ఇల్లు కొన్నప్పుడు కాగితాలు చూసిన లాయరుకు) ఈ రోజే మెయిల్ పెట్టి, పైకప్పు మీద లీజు ఏమైనా ఉందా, ప్యానెళ్లు అమ్మకంలో భాగమా అని రాతపూర్వకంగా అడగండి. ఎక్కడా లీజు లేదంటే ఊపిరి పీల్చుకోవచ్చు. ఇంకో రకం కూడా ఉంటుంది, ప్యానెళ్లు మీకు అమ్మేసి ఫిట్ డబ్బు మాత్రం నాకే అని పాత ఓనర్ ఒప్పందంలో రాయించుకోవడం. అరుదు, కానీ ఆ కాగితం చదివి చూసుకోండి. అలాంటి మాట లేకపోతే ప్యానెళ్ల ఓనర్‌కే ఆ డబ్బు, అంటే మీకే.

పేరు మార్పు గురించి. మీకు కరెంటు అమ్మే కంపెనీ వేరు, ఫిట్ చెల్లించే కంపెనీ వేరు కావచ్చు. కస్టమర్ కేర్‌వాళ్లు మా దగ్గర ఏమీ లేదన్నది బహుశా అందుకే. పాత ఓనర్‌ను ఆఖరి ఫిట్ స్టేట్‌మెంట్ ఒకటి ఇమ్మనండి, దాని మీద కంపెనీ పేరు, ఫిట్ ఐడీ (స్కీములో మీ సిస్టమ్ నంబరు) ఉంటాయి. ఆయన దొరక్కపోతే ఇక్కడ కరెంటు, గ్యాస్ కంపెనీలను నియంత్రించే ఆఫ్‌జెమ్‌ను అడగండి, దేశంలోని ఫిట్ సిస్టమ్‌లన్నీ వాళ్ల దగ్గర రిజిస్టర్‌లో ఉంటాయి. ఆ కంపెనీకి ఓనర్ మారినట్టు ఫారం, ఇల్లు మీదని చూపే కాగితం, ఎంసీఎస్ సర్టిఫికెట్ (ప్యానెళ్లు పెట్టినప్పుడు ఇన్‌స్టాలర్ ఇచ్చిన ధ్రువపత్రం), ఇల్లు చేతికొచ్చిన రోజు జనరేషన్ రీడింగ్ పంపాలి. మీరు ఆ రోజు రీడింగ్ తీసుకోలేదు కాబట్టి పాత ఓనర్‌తో మాట్లాడి ఒక అంకెకు ఇద్దరూ ఒప్పుకోవాలి. ఈ రోజు తీసిన ఫోటో ఉంటే వెనక్కి లెక్కవేయడం తేలిక. ఆలస్యమైతే ఈ రెండు నెలల డబ్బు ఆయన ఖాతాలోకి వెళ్లిపోవచ్చు, అది వెనక్కి అడగాల్సి రావడం ఇద్దరికీ ఇబ్బంది.

మీ పేరు ఎక్కాక మూడు నెలలకోసారి రీడింగ్ మీరే పంపాలి, పంపకపోతే చెల్లింపు ఆపేస్తారు. రెండేళ్లకోసారి రీడింగ్ నిజమో కాదో చూడటానికి ఎవరైనా వస్తారు, లేదా ఫోటో అడుగుతారు. ఇన్వర్టర్ పది పదిహేనేళ్లకు పోవడం మామూలే, మీది ఇప్పుడా వయసులోనే ఉంది. మార్చుకోవచ్చు, ఫిట్ పోదు. జనరేషన్ మీటర్ మార్చాల్సి వస్తే మాత్రం పాతదాన్ని ఊడదీసే ముందు ఆఖరి రీడింగ్ ఫోటో, కొత్తదాని సీరియల్ నంబరు రెండూ పంపండి. మా ఇంట్లో నేను మీటర్ మార్చి సీరియల్ నంబరు చెప్పడం మర్చిపోయాను, చెప్పాక కూడా మా ఫిట్ కంపెనీ ఏడు నెలలు డబ్బు ఆపింది, పదకొండు మెయిళ్లు రాయాల్సి వచ్చింది. ఈ పనిలో ఉన్నవాడిని నాకే అలా జరిగింది. పనిలో పనిగా ప్యానెళ్లు కూడా పెంచుకుందామని ఎవరైనా అంటే, ఫిట్ కంపెనీతో రాతపూర్వకంగా తేల్చుకోకుండా ఒక్క ప్యానెల్ కూడా తగిలించనివ్వకండి.

ఇక మిగిలిన కరెంటు సంగతి, మీరు నిజానికి అడిగింది ఇదే. ఫిట్ మూసేశాక 2019 ఏప్రిల్ నుంచి ఆ ఏడాది చివరి దాకా కొత్తగా ప్యానెళ్లు పెట్టినవాళ్ల మిగులు కరెంటుకు డబ్బిచ్చి తీరాలన్న నియమమే లేదు. తొమ్మిది నెలలు. 2020 జనవరి 1న స్మార్ట్ ఎక్స్‌పోర్ట్ గ్యారంటీ వచ్చింది, ఎస్‌ఈజీ అంటారు. లక్షన్నర ఇళ్లకు గానీ అంతకంటే ఎక్కువ ఇళ్లకు గానీ కరెంటు అమ్మే ప్రతి కంపెనీ మిగులు కరెంటుకు ఏదో ఒక ధర ఇవ్వాలి, అది సున్నా కంటే ఎక్కువ ఉండాలి, అంతే నియమం. ఎంత అన్నది కంపెనీ ఇష్టం. అందుకే ఒకచోట మూడు నాలుగు పెన్స్, ఇంకోచోట పది పన్నెండు దాటి కనిపిస్తుంది. ఎక్కువ రేట్లలో కొన్ని, మీరు కరెంటు కూడా వాళ్ల దగ్గరే కొనాలని షరతు పెడతాయి, అప్పుడు కొనే ధర కూడా చూసుకుని రెండూ కలిపి లెక్కవేయండి.

మీలాంటివాళ్లకు ఇక్కడ ఒక మంచి దారి ఉంది, చాలామందికి తెలియదు. ఫిట్‌లో జనరేషన్ డబ్బు అలాగే ఉంచుకుని, ఎక్స్‌పోర్ట్ భాగం ఒక్కటే వదులుకుని ఎస్‌ఈజీలోకి మారొచ్చు. రెండు చోట్లా ఎక్స్‌పోర్ట్ డబ్బు తీసుకోకూడదు, అంతే. మీరిద్దరూ ఆఫీసుకు వెళ్లిపోతే పగలు 2,300 యూనిట్లు నిజంగా బయటికి వెళ్తాయి, 12 పెన్స్ దొరికితే 276 పౌండ్లు, డీమ్డ్ పద్ధతిలో వచ్చే 90తో పోలిస్తే మూడింతలు. అదే ఇంట్లో ఎవరో ఒకరు ఉండి, పగలే అన్నీ వాడేస్తూ ఉంటే పాత పద్ధతే నయం, వాడినదానికి కూడా సగం లెక్కన వస్తుంది కాబట్టి. మారాలంటే అరగంటకోసారి లెక్క రాసే స్మార్ట్ మీటర్ కావాలి, మీ ప్రాంతపు వైర్ల కంపెనీ, అంటే డీఎన్‌ఓ దగ్గర మీ ఇంటికి ఎక్స్‌పోర్ట్ ఎంపాన్ నంబరు, అంటే బయటికి పంపే కరెంటుకు వేరే కనెక్షన్ నంబరు తయారవ్వాలి. 2011లో ఇన్‌స్టాలర్ డీఎన్‌ఓకు తెలియజేసిన కాగితం దొరికితే పని తొందరగా అవుతుంది. మెయిల్ రాసేటప్పుడు ఎక్స్‌పోర్ట్ మాత్రమే వదులుకుంటున్నాను, జనరేషన్ కొనసాగాలి అని రెండూ ఒకే వాక్యంలో రాయండి. ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు.

ఏది పగలు వాడాలి అన్నదానికి: గ్రైండర్, మిక్సీ లాంటివి మార్చినా పెద్ద తేడా రాదు, అవి తినేది తక్కువ. నీళ్లు వేడిచేసేవి, బట్టలు ఆరబెట్టేవి, డిష్‌వాషర్, ఇవి పదకొండు నుంచి రెండు మధ్య ఒకదాని తర్వాత ఒకటి వేయండి, ఒకేసారి వేస్తే ప్యానెళ్లు ఇవ్వగలిగినది దాటిపోయి మిగతాది గ్రిడ్ నుంచి కొన్నట్టవుతుంది. మిగులు కరెంటును నీళ్ల ట్యాంకులోకి మళ్లించే డైవర్టర్ పెట్టమని ఎవరో చెప్పారన్నారు కదా. డీమ్డ్‌లో ఉన్నంతకాలం అది లాభమే. కానీ ఎస్‌ఈజీకి మారితే ఆలోచించండి, గ్యాస్ యూనిట్ ఉజ్జాయింపుగా ఆరు పెన్స్, అమ్మితే 12 వచ్చే కరెంటుతో ఆరు పెన్స్ గ్యాస్ మిగిల్చుకోవడం నష్టం. బ్యాటరీ పెట్టొచ్చు, కానీ బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు జనరేషన్ మీటర్ గుండా వెళ్లకుండా వైరింగ్ ఉండాలి, లేకపోతే గ్రిడ్ నుంచి నింపిన కరెంటు కూడా సోలార్‌గా లెక్కపడుతుంది, అది తప్పు, ఫిట్‌కే ప్రమాదం. ఇన్‌స్టాలర్ దీన్ని ముందే మీకు బొమ్మ గీసి చూపించకపోతే ఇంకొకరిని చూసుకోండి.

కింద కామెంట్లో ఒకరు ఈ డబ్బు ప్రభుత్వం ఇస్తోందని రాశారు. కాదు. దేశంలో కరెంటు వాడే ప్రతి ఇంటి బిల్లులోంచి వస్తోంది, ప్యానెళ్లు పెట్టుకునే వీలులేని ఫ్లాట్లలో, అద్దె ఇళ్లలో ఉన్నవాళ్ల నుంచి కూడా. నేను బ్రిటన్ వచ్చిన కొత్తలో అలాంటి ఇంట్లోనే ఉన్నాను, చలికాలం ప్రీపేమెంట్ మీటర్లో పౌండ్లు వేసుకుంటూ. ఎనిమిది లక్షలకు పైగా సిస్టమ్‌లు ఆ స్కీముతో వచ్చాయి, ప్యానెళ్లు చవకవడానికి ఇలాంటి స్కీములే దారి వేశాయి, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ ఖర్చు మోసినవాళ్లలో పేదవాళ్లు కూడా ఉన్నారని తెలిసే మాట్లాడుకోవాలి. అందుకే రీడింగులు ఒక్క యూనిట్ కూడా ఎక్కువ వేయకుండా నిజం పంపండి.

సొలిసిటర్ జవాబు రాగానే ఎంసీఎస్ సర్టిఫికెట్ మీద కమిషనింగ్ తేదీ (సిస్టమ్ పనిచేయడం మొదలుపెట్టిన రోజు), కిలోవాట్లు ఎంతో ఇక్కడ రాయండి (చిరునామా, ఫిట్ ఐడీ చెరిపేసి). వాటిని చూస్తే మీకు ఏ రేటు రావాలో, ఎక్స్‌పోర్ట్ మార్చుకోవాలో వద్దో కచ్చితంగా లెక్కవేసి చెబుతాను.